అందరి కథలూ ఒకే అరలో: పెదవాల్తేరు ప్రాజెక్టు డైరీ

మీ వీధిలో కూడా పిల్లలకు ఇలాంటి పుస్తకాల అర పెట్టుకోవాలనుకుంటే, పనికొచ్చింది తీసుకుని మిగతాది వదిలేసుకోవడానికి వీలుగా ఈ డైరీ రాస్తున్నాను. ఎందుకు మొదలుపెట్టాం, ఎవరు రిబ్బన్ కట్ చేశారు లాంటివి ఇందులో ఉండవు.

మా సందు విశాఖపట్నంలోని పెదవాల్తేరులో ఉంది. ఒకవైపు అపార్ట్‌మెంట్లు, నాలుగడుగులు వేస్తే జాలరిపేట. అర దగ్గరికి వచ్చే పిల్లల వయసు 5 నుంచి 12. వాళ్ళలో మత్స్యకారుల పిల్లలున్నారు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన వాచ్‌మన్ల పిల్లలున్నారు, నేవీలో పనిచేసే మలయాళీల అమ్మాయి, ఒక బెంగాలీ ఇంటి కవలలు, ఇద్దరు ఒడియా అన్నదమ్ములు, టైలర్ గారి అబ్బాయి ఉన్నారు. అందరికీ తమలాంటి వాళ్ళ కథలూ, తమకు బొత్తిగా తెలియని వాళ్ళ కథలూ దొరకాలి. వాటిని ఇంటికి పట్టుకెళ్ళి చదవాలి కూడా. రెండోదే కష్టం.

దశ 1: ఉన్నవి లెక్కపెట్టడం

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే 212 పుస్తకాలు వచ్చాయి. పైసా ఖర్చు లేదని సంబరపడకండి. జనం ఇచ్చేది ఇంట్లో అడ్డంగా ఉన్నది. వాటిని అలాగే సర్దేస్తే అర నిండుతుంది గానీ, మీరు అనుకున్న అర అవదు.

రిజిస్టరులో నాలుగు గడులు గీసి, లెక్క ఇలా తీశాం:

1. ప్రతి పుస్తకం తెరిచి, కథ నడిపించేది ఎవరో ఒక్క ముక్కలో రాయాలి. అట్ట మీద బొమ్మ చూసి రాయకూడదు.
2. కథ ఎక్కడ జరుగుతుంది: అడవి, రాజ్యం, పరాయి దేశం, ఊరు, నగరం.
3. చిక్కు విప్పింది ఎవరు? వేరే రకం పిల్ల కథలో ఉన్నా, చివర్లో ఎవరో పెద్దమనిషి వచ్చి ఉద్ధరిస్తే అది ఆ పిల్ల కథ కాదు.
4. రాసిందీ బొమ్మలు వేసిందీ ఎవరు, ఆ జీవితం తెలిసినవాళ్ళా? తెలిసినంత వరకే రాయాలి, ఊహించకూడదు.

ఈ లెక్క అలవాటు అమెరికాది. విస్కాన్సిన్ యూనివర్సిటీ మాడిసన్‌లో పిల్లల పుస్తకాల కేంద్రం ఒకటుంది, వాళ్ళు 1985 నుంచి తీస్తున్నారు. ఆ ఏడాది అక్కడ సుమారు 2,500 పిల్లల పుస్తకాలు వస్తే నల్లజాతి రచయితలు, చిత్రకారులు చేసినవి 18. నల్లవాళ్ళ గురించి ఉన్న పుస్తకం, నల్లవాళ్ళు రాసిన పుస్తకం అని రెంటినీ విడివిడిగా లెక్కేయడం వాళ్ళ దగ్గర నుంచే తీసుకున్నాం. నాలుగో గడి అదే.

మా 212లో: జంతువులు 64, రాజులూ దేవుళ్ళూ విదూషకులూ 71, ఇంగ్లీషు దేశాల పిల్లలు 48, మన నగరాల పిల్లలు 21. జాలరి, ఆదివాసీ, ముస్లిం, దళిత పిల్లలూ, సరిగ్గా నడవలేని పిల్లలూ, ఇలా అందరినీ కలిపితే 8. ఆ 8లోనూ సగం జాలిపడమనే కథలు.

బూజు పట్టినవీ, చిరిగినవీ, ఒకే కథ నాలుగు కాపీలున్నవీ కలిపి 57 తీసేశాం.

*ఇప్పటిదాకా: పుస్తకాలు 155. ఖర్చు: రిజిస్టరుకు రూ. 120.*

దశ 2: అర, గాలి, ఉప్పు

మొదటి అర ఎండీఎఫ్ చెక్కతో, అంటే చెక్కపొట్టు అతికించి నొక్కి చేసిన పలకతో చేయించాం, రూ. 3,400. సెల్లార్‌లో పెట్టాం. వానాకాలం సగం గడిచేసరికి కింది పలక అంచు బిస్కెట్ నానినట్టు ఉబ్బిపోయింది. స్క్రూల చుట్టూ ఎర్రటి మరకలు. సముద్రానికి ఇంత దగ్గరలో మామూలు ఇనప స్క్రూ వాడకూడదని కార్పెంటర్‌కీ తెలుసు, నాకూ తెలుసు. కొటేషన్‌లో ఇద్దరం చూడలేదు.

రూ. 450 పెట్టి తేమ కొలిచే మీటరు కొన్నాం. ఇది మొదటే కొనాల్సిన వస్తువు. సెల్లార్‌లో 84 శాతం చూపించింది. పక్కవీధిలో రిటైరైన తెలుగు మాస్టారి ఇంటి ముందు గదిలో అదే సాయంత్రం 71. పుస్తకాలకు 60 దాటకపోతే మేలంటారు. విశాఖలో ఏసీ లేకుండా అది అయ్యే పని కాదు కాబట్టి, ఉన్నవాటిలో తక్కువ ఎక్కడుంటే అక్కడ పెట్టుకోవాలి.

అప్పటికే ఇంకో తలనొప్పి నడుస్తోంది. సెల్లార్‌లోకి బయటి పిల్లలు రాకూడదని అసోసియేషన్ మీటింగులో తీర్మానం చేశారు. బయటి పిల్లలంటే ఎవరో అందరికీ తెలుసు, నోటితో ఎవరూ అనలేదు. జాలరిపేట పిల్లలు రాని చోట ఈ అర పెట్టడం దండగ. గొడవ పెట్టుకోకుండా మీటరు రీడింగ్ చూపించి, పుస్తకాలు పాడైపోతున్నాయని చెప్పి మాస్టారింటికి మార్చేశాం. అందరూ సంతోషించారు. మీకూ ఇలాంటిది వస్తే మీటరు బాగా పనికొస్తుంది.

కొత్త అర వివరాలు:

1. అల్యూమినియం యు ఛానెల్ (గాడిలా ఉండే పట్టీ), 150 సెంటీమీటర్ల పొడవువి 5 వరసలు. స్టెయిన్‌లెస్ స్క్రూలు. మొత్తం రూ. 4,650.
2. అట్ట ముందుకు కనిపించేలా పుస్తకం నిలబడుతుంది. వరసకు ఆరేడు పడతాయి, మొత్తం 32.
3. కింది వరస నేల నుంచి 30 సెంటీమీటర్లు, పై వరస 110. ఐదేళ్ళ పిల్ల చెయ్యి అందాలి.
4. గోడకు మూడంగుళాలు ఎడం. గోడకు ఆనిస్తే చెమ్మ, చెదలు రెండూ వస్తాయి.
5. మిగతా పుస్తకాలు ప్లాస్టిక్ క్రేట్లలో. వారం వారం 32నీ మార్చాలి.

నాఫ్తలీన్ ఉండలు పెట్టలేదు. చిన్నపిల్లలు బిళ్ళలనుకుని నోట్లో పెట్టుకుంటారు. నెలకోసారి పుస్తకాలన్నీ దులిపి నీడలో ఆరబెట్టడమే.

*ఇప్పటిదాకా: పుస్తకాలు 155. ఖర్చు రూ. 8,620.*

దశ 2లో పిట్టకథ: పిన్నులు

దీనికి వేరే శీర్షిక పెట్టాల్సి వస్తుందనుకోలేదు. పిల్లల బొమ్మల పుస్తకాలు చాలావరకు మధ్యలో రెండు పిన్నులు కొట్టి ఉంటాయి. మా 155లో అలాంటివి 61. వాటిలో 23 పుస్తకాల పిన్నులు తుప్పు పట్టాయి. తుప్పు పిన్ను దగ్గరే ఆగదు. చుట్టూ ఉన్న కాగితం గోధుమరంగుకు తిరిగి, పెళుసై, మధ్య పేజీ పిన్ను చుట్టూ కొరికేసినట్టు ఊడొస్తుంది. బొమ్మల పుస్తకంలో మధ్య పేజీ అంటే సాధారణంగా పెద్ద బొమ్మ ఉండే పేజీ. పిల్లలు అదే ఎక్కువసార్లు తెరుస్తారు.

దారంతో కుట్టేయండి. ఒక్కో పుస్తకానికి పది నిమిషాలు చాలు.

1. మధ్య పేజీ తెరిచి, ముడుచుకుని ఉన్న పిన్ను కాళ్ళను మొద్దు చాకు మొనతో నిలబెట్టాలి. పుస్తకం తిప్పి, వెన్ను వైపు నుంచి పట్టకారుతో లాగాలి.
2. తుప్పు పొడిని పొడి బ్రష్‌తో దులపాలి. తడిగుడ్డ పెడితే మరక పాకుతుంది.
3. పాత పిన్నుల చోట్లలో రెండు రంధ్రాలు, సరిగ్గా వాటి నడుమ సన్న దబ్బనంతో మూడోది.
4. పుస్తకం ఎత్తుకు రెండున్నర రెట్లు నూలు దారం. కొవ్వొత్తి మీద రెండుసార్లు లాగితే మైనం పట్టి జారకుండా ఉంటుంది.
5. లోపల నుంచి నడిమి రంధ్రంలోకి పొడిచి బయటకు తీయాలి. పై రంధ్రంలోంచి లోపలికి, నడిమి దాన్ని దాటి కింది రంధ్రంలోంచి బయటకు, మళ్ళీ నడిమి రంధ్రంలోంచి లోపలికి.
6. లోపల నిలువుగా ఉన్న పొడుగు దారానికి చెరోవైపు ఒక కొస వచ్చేలా చూసి, దాని మీద ముడి వేయాలి.

టైలర్ గారబ్బాయి రెండో పుస్తకానికే నాకంటే శుభ్రంగా కుట్టాడు. కుట్టిన ప్రతి పుస్తకం చదివాకే ఇచ్చేవాడు. పుస్తకాలంటే మొహం తిప్పుకునే పిల్లలకు ముందు చేతిలో పని పెట్టి చూడండి.

దారం, సూదులు, దబ్బనం: రూ. 180. *మొత్తం రూ. 8,800.*

దశ 3: కొన్నవి, అచ్చువేసుకున్నవి

మొదటి లెక్కలో అందరినీ కలిపినా 8 దగ్గరే ఆగిన ఆ పిల్లల కథలను పెంచాలి. తెలుగులో దొరికేది తక్కువేమీ కాదు, ఎక్కడ వెతకాలో తెలియాలి. చెన్నైలోని తూలిక తెలుగులోనూ, ఇంగ్లీషు పక్కన తెలుగు ఉన్నట్టుగానూ వేస్తుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగు అనువాదాలు చౌక. హైదరాబాద్‌లోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళ జాబితా మొత్తం చదవండి. భోపాల్ ఏకలవ్య హిందీ పుస్తకాలు మా నేవీ ఇళ్ళకు పనికొచ్చాయి. హైదరాబాద్‌లోని స్త్రీల అధ్యయన సంస్థ అన్వేషి వాళ్ళు 2008లో దళిత, ముస్లిం పిల్లల రోజువారీ బతుకుల మీద ఒక వరస కథలు తెచ్చారు, తెలుగులో కూడా. దొరికితే వదలకండి.

కొన్నవి 48, రూ. 4,310.

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో ఉంటాయి. రచయిత, చిత్రకారుల పేర్లున్న పేజీ ఉంచి ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు. స్థాయిలు 1 నుంచి 4. తెలుగు కూడబలుక్కునే ఇంగ్లీషు మీడియం పిల్లలకు వయసు చూడకుండా 1, 2 ఇవ్వండి. పదేళ్ళవాడికి అయిదేళ్ళ పుస్తకమా అని అమ్మలే చిన్నబుచ్చుకుంటారు, పిల్లలు పట్టించుకోరు. స్థాయి అంకె మీద స్టిక్కర్ వేసేస్తే గొడవే లేదు.

ఏ4 కాగితం మడిస్తే నాలుగు పేజీలు. 16 పేజీల పుస్తకానికి 4 కాగితాలు, అంటే 8 వైపులు. కలర్ ప్రింటుకు వైపుకి రూ. 8 చొప్పున పుస్తకానికి రూ. 64. అలా 12 వేశాం, రూ. 768. నిజానికి ఇది లాభసాటి కాదు. అచ్చుపుస్తకమే తరచూ అంతకు చౌక, కాగితమూ గట్టిది. అచ్చులో దొరకనివే ప్రింట్ వేసుకోండి.

మాకు అలా దొరకనిది సవర భాష. ఒడిశా ఆదివాసీ భాషలు ముండా, కుయి, సవర, జువాంగ్‌లలో ప్రథమ్ వాళ్ళు చిన్నపిల్లల పుస్తకాలు తెచ్చారు. సవరలు మన శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లోనూ ఉన్నారు. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పేరున తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, వాడుక భాష అని ఉపన్యాసాలిస్తాం. అదే మనిషి సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాశాడన్నది ఆ ఉపన్యాసాల్లో పెద్దగా వినపడదు. మా మాస్టారికి దీని మీద ఇప్పటికీ కోపమే.

*ఇప్పటిదాకా: పుస్తకాలు 215. ఖర్చు రూ. 13,878.*

దశ 4: ఎవరూ ముట్టని వరస

పై నుంచి రెండో వరస మొత్తం కొత్తవాటికి కేటాయించి, రంగు చార్టు మీద 'మన దేశంలో రకరకాల మనుషులు' అని రాసి అంటించాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. ఆ నెల ఇంటికెళ్ళిన పుస్తకాలు 94, ఆ వరసలోంచి 7. ఆ ఏడులోనూ మాస్టారు చేతిలో పెట్టి పంపినవే ఎక్కువ.

జాలరిపేట నుంచి వచ్చే నాలుగో తరగతి అమ్మాయిని అడిగాను, ఆ వరసలోవి ఎందుకు తియ్యట్లేదని. "అవి చదివితే మళ్ళీ ఏటైనా అడుగుతారు కదాంటీ" అంది. నిజమే. ఆ చార్టు అచ్చం బడిలో చార్టులాగే ఉంది.

మార్చినవి:

1. చార్టు పీకేశాం. కొత్త పుస్తకాలన్నీ పాతవాటిలో కలిపేశాం.
2. దేశం, మతం, కులం, భాష ప్రకారం కాకుండా, కథలో ఏం జరుగుతుందో దాన్నిబట్టి వరసలు: దయ్యాలు, తగవులు, తిండి, నీళ్ళు, అమ్మమ్మగారిల్లు.
3. లెక్క మనకు కావాలి కాబట్టి ఆ కొత్తవాటికి వెనక అట్ట లోపల చిన్న పచ్చచుక్క. పిల్లలకు దాని సంగతి చెప్పం.
4. చదివాక ప్రశ్నలు లేవు. నీతి ఏమిటి అని అడిగే పెద్దవాళ్ళను అర దగ్గర కూర్చోబెట్టం.

తర్వాతి నెల 118 వెళ్తే, అందులో పచ్చచుక్కవి 41. పుస్తకాలు అవే, ఉన్న చోటు మారింది అంతే. నాగాలాండ్ కథ దయ్యాల వరసలో ఉంటే దయ్యం కోసం తీస్తారు. నాగాలాండ్ దానంతటదే ఇంటికెళ్తుంది.

పండగ పుస్తకాల గురించి కూడా చెప్పాలి. వైవిధ్యం అనగానే మనకు తోచేది పండగలు: రంజాన్ ఒకటి, క్రిస్మస్ ఒకటి, ఓణం ఒకటి. కొన్నవాటిలో తొమ్మిది అవే. ఒకావిడ రంజాన్ పుస్తకం తిరిగి తెచ్చి, మన పండగలుండగా ఇవెందుకండీ అని అడిగింది. వాదించలేదు, ఇంకోటి తీసుకెళ్ళమన్నాం. ఆవిడ కూతురు మర్నాడు వచ్చి అదే పుస్తకం అక్కడే కూర్చుని పూర్తి చేసి వెళ్ళింది. టైలర్ గారబ్బాయికి మాత్రం ఆ పుస్తకం పట్టలేదు. "మా ఇంట్లో రోజూ షీర్ ఖుర్మా ఉండదు ఆంటీ" అన్నాడు. సైకిల్ పోగొట్టుకున్న అబ్బాయి కథ మూడుసార్లు తీసుకెళ్ళాడు. అందులో అబ్బాయి పేరు ముస్లిం పేరు, ఇంట్లో అమ్మీ అని పిలుస్తాడు, అంతే, ఇంకే పండగా లేదు. పిల్లల పుస్తకాలు తమను తాము చూసుకునే అద్దాలుగానూ ఉండాలి, ఇతరుల బతుకులు చూసే కిటికీలుగానూ ఉండాలి అని అమెరికా బాలసాహిత్య పరిశోధకురాలు రూడిన్ సిమ్స్ బిషప్ 1990లో రాశారు. పండగ బట్టలతో ఒక్కరోజు చూసుకునే అద్దం చాలదని టైలర్ గారబ్బాయి తేల్చేశాడు. ఇప్పుడు కొనేటప్పుడు పండగ పుస్తకం ఒకటి కొంటే, మామూలు రోజుల కథలు మూడు కొంటున్నాం.

దశ 5: పైకి చదవడం

శనివారం సాయంత్రం ఒకరు పైకి చదువుతారు. మొదట అరగంట పెట్టాం. పన్నెండో నిమిషం దాటాక చిన్నవాళ్ళు చెప్పుల దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు పది నిమిషాలే.

బెంగాలీ ఆవిడ బెంగాలీలో చదివితే పిల్లలు నవ్వారు, కవలలు సిగ్గుతో తలకాయలు దించుకున్నారు. వరస తిప్పాం: ముందు మాస్టారు తెలుగులో మొత్తం చదివేస్తారు, తర్వాత ఆవిడ రెండే పేజీలు బెంగాలీలో. కథ తెలిసిపోయాక మాట ఎక్కడొస్తుందో వేటాడటం ఆటైపోయింది. కవలలు ఇప్పుడు పక్కన నిలబడి అందరి ఉచ్చారణ దిద్దుతున్నారు. మలయాళానికీ ఇదే పద్ధతి.

రెండు భాషల పుస్తకాలు పిల్లలకు కొత్త కాదు. మన రాష్ట్రంలో 2020 నుంచి బడి పుస్తకాలే ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. అందుకే అలాంటి బొమ్మల పుస్తకాలు ముందు వెళ్ళిపోతాయి. అపార్ట్‌మెంట్ పిల్లలు ఇంగ్లీషు వైపు చదివి, తెలుగు వైపు జాలరిపేట పిల్లల చేత చదివించుకుంటున్నారు. ఇది మేం ప్లాన్ చేసింది కాదు.

దశ 6: పడవ పుస్తకం

నీళ్ళ వరసలో జాలరుల కథలు నాలుగున్నాయి. నాలుగింటిలోనూ తాటాకు గుడిసె, తెరచాప పడవ, తుఫానులో తప్పిపోయిన నాన్న. ఆ నాలుగో తరగతి అమ్మాయి ఒకదాన్ని తిరగేసి, "మాది ఫైబర్ బోటు, ఇంజిను ఉంటాది" అని పక్కన పడేసింది.

కాబట్టి వాళ్ళ చేతే చేయించాం. విషయం వాళ్ళే ఎంచుకున్నారు: ఇంజిన్ స్టార్ట్ కాని పొద్దు. బొమ్మలు స్కెచ్ పెన్నులతో. మొదటి ప్రింటులో స్కెచ్ పెన్ను పసుపు అసలు కనపడలేదు, మళ్ళీ క్రేయాన్‌తో వేశారు. మాటలు మాస్టారు దిద్దబోతే పిల్లలు ఒప్పుకోలేదు. ఉంటాది, వస్తాది అని అలాగే ఉంచాం. గిడుగు గారి అభిమాని ఇక ఏం మాట్లాడగలరు!

20 పేజీలు, 5 కాగితాలు, కాపీకి రూ. 80. పది కాపీలు, రూ. 800. మూడు అరలో ఉన్నాయి, ఏడు పిల్లలకిచ్చేశాం. పిన్ను కొట్టలేదు, దారమే. అరలోని మూడూ ఎప్పుడూ బయటే ఉంటున్నాయి, ఎక్కువగా అపార్ట్‌మెంట్ వైపు.

*మొత్తం ఖర్చు రూ. 14,678. మొదటి చెక్క అర లేకపోతే రూ. 11,278లో అయ్యేది.*

ప్రస్తుతం

తిరిగి రాని పుస్తకాలు 6, నాలుగు దయ్యాలవి. జరిమానా లేదు. పెడితే ముందు మానేసేది ఎవరో తెలిసిందే. కాబట్టి అరలో ఉన్నవి మళ్ళీ 212. రెండో లెక్క: జంతువులు 49, రాజులూ దేవుళ్ళూ 46, ఇంగ్లీషు దేశాల పిల్లలు 30, మన నగరాల పిల్లలు 37, మొదట్లో 8 ఉన్న రకంలో 50.

ఆ 50లో రాసినవాళ్ళకు ఆ జీవితం తెలుసని గట్టిగా చెప్పగలిగినవి 14. అంటే నాలుగో గడి ఇంకా బక్కగానే ఉంది, డబ్బు పెడితే నిండేది కూడా కాదు. చక్రాల కుర్చీలో ఉన్న పిల్ల తగవు పెట్టుకునే కథ కావాలి. మాకు దొరికినవన్నీ ఆ పిల్లను మెచ్చుకునేవే. ఒడియాలో రెండే పుస్తకాలున్నాయి, అన్నదమ్ములకు అవి కంఠస్థం వచ్చేశాయి.

అక్టోబరు రాకముందే కిటికీ పక్క వరసను లోపలి గోడకు మార్చాలి. 2014 హుద్‌హుద్‌లో ఆ కిటికీ అద్దం గదిలోనే పగిలిందని మాస్టారు ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేశారు. కొత్తగా కొన్న 48లో పిన్నులున్నవి 19, వాటికి తుప్పు రాకముందే దారం వేయాలి. టైలర్ గారబ్బాయి దసరా సెలవుల్లో చేస్తానన్నాడు.